పదహారు మాటల మనిషి – సేమూర్ క్రే

ఈ ఏటి సంచికకు ఒక గొప్పవాడి జీవితం రాసిపెట్టమని మన విద్యార్థి సంఘం కార్యదర్శి నన్ను అడిగినప్పుడు, నేను ఏ రామన్ గారి గురించో విశ్వేశ్వరయ్య గారి గురించో రాస్తాననుకుని ఉంటాడు. వారి గురించి ఏటేటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను మాత్రం సేమూర్ క్రే గురించి రాయదలచుకున్నాను. సూపర్ కంప్యూటర్ల పుట్టుక అనగానే ప్రపంచమంతా ముందుగా తలుచుకునే పేరు అది. పేరు విన్నవాళ్ళు మనలో ఉన్నారు గాని, మనిషిని ఎరిగినవాళ్ళు తక్కువ. పోయిన ఏడాది దాకా నేనూ ఎరగను. ఎరగవలసి వచ్చిన కారణం ఒక తగాదా. ముందు అది చెప్పి, తరువాత ఆయన కథలోకి వెళతాను.

మా విభాగం, ఇంజనీరింగ్ మిత్రుల విభాగం కలిసి వాడుకునే ఇరవైనాలుగు యంత్రాల క్లస్టర్ ఒకటి ఉంది. మా లెక్కలు లైనక్స్ మీద నడుస్తాయి. వాళ్ళ ప్యాకేజీ విండోస్ మీద తప్ప నడవదు. అందుకని పెద్దలు కూర్చుని ఒక ఒప్పందం చేశారు. సోమవారం నుంచి గురువారం సాయంత్రం దాకా లైనక్స్, అక్కడినుంచి ఆదివారం రాత్రి దాకా విండోస్. గురువారం సాయంత్రం అయిదు గంటలకు యంత్రాలన్నీ ఆపి మళ్ళీ లేపడం. మొదటి రెండు వారాలు బాగానే గడిచాయి. మూడో వారం, నా లెక్క ఇంకో పది గంటల్లో పూర్తవుతుందనగా అయిదు గంటలయింది. మూడు రోజుల పని మూడు క్షణాల్లో గాలిలో కలిసిపోయింది. నేనూ ఊరుకోలేదు. ఇంజనీరింగ్ మిత్రుడూ ఊరుకోలేదు. లైనక్స్ గొప్పా విండోస్ గొప్పా అని మొదలైన మాట, నీ విభాగం గొప్పా నా విభాగం గొప్పా అనేదాకా పోయింది. నెల రోజులు ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

అప్పుడు మా మాస్టారు ఒకాయన నన్ను పిలిచి, ఒరే అబ్బాయీ, ఒక యంత్రం మీద రెండు వ్యవస్థల కాపురం ఇవ్వాళ పుట్టిన గొడవ కాదురా, ముందు క్రే సంగతి చదువుకుని రా, తరువాత పోట్లాడుకుందువుగాని అన్నారు. చదివాను. చదివినకొద్దీ తగాదా సంగతి వెనకబడి మనిషి ముందుకొచ్చాడు.

సేమూర్ రోజర్ క్రే 1925 సెప్టెంబరు 28న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో చిప్పెవా ఫాల్స్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి సివిల్ ఇంజనీరు. కొడుకు చేతులకు పని కావాలని గ్రహించిన తండ్రి ఇంటి కింద గదిని అతనికే వదిలేశాడు. పదేళ్ళ వయసులో ఆ కుర్రవాడు పిల్లలు ఆడుకునే ఇనపముక్కల సెట్టుతో ఒక యంత్రం చేశాడు. చిల్లులు పొడిచిన కాగితపు పట్టీని అందులో పెడితే అది మోర్స్ సంకేతాలుగా మారి వినిపించేది. కాగితం మీద ఉన్న సంగతి ఒక పద్ధతి ప్రకారం మరో రూపంలోకి మారడం అనే పని, చూడబోతే, ఆయన జీవితమంతా చేసిన పనే.

1943లో హైస్కూలు చదువు ముగిసింది. రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. సైన్యంలోకి తీసుకున్నారు. ఐరోపాలో రేడియో పని చూశాడు. ఆ తరువాత ఫిలిప్పీన్స్ వైపు వెళ్ళి జపానువారి రహస్య లిపి ఛేదించే పనిలో ఉన్నాడు. తిరిగొచ్చాక మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1949లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పట్టా, 1951లో గణితంలో మాస్టర్ పట్టా పుచ్చుకున్నాడు. ఇటు చేతిపని, అటు లెక్క, రెండూ ఒక్క మనిషిలో కుదిరాయి. మన కాలేజీలో ఈ రెండు బ్లాకుల మధ్య ఒక రోడ్డు ఉంది. ఆయనలో ఆ రోడ్డు లేదు.

చదువు కాగానే సెయింట్ పాల్ నగరంలో ఇంజనీరింగ్ రీసెర్చ్ అసోసియేట్స్ అనే సంస్థలో చేరాడు. అప్పటికి కంప్యూటర్ అంటే వాక్యూం ట్యూబులతో గదినిండా వేడి పుట్టించే వస్తువు. ఆ సంస్థ 1103 యంత్రంలో ఆయన చెయ్యి ఉంది. కొన్నాళ్ళకు ఆ సంస్థ పెద్ద కంపెనీల చేతుల్లోకి పోయింది. అది నచ్చని విలియం నోరిస్ తదితరులు 1957లో బయటికొచ్చి కంట్రోల్ డేటా కార్పొరేషన్ స్థాపించారు. చేతిలో ఉన్న నౌకాదళం పని ఒక కొలిక్కి తెచ్చి క్రే కూడా వాళ్ళ వెనకే వెళ్ళాడు. అక్కడ ఆయన చేసిన మొదటి పెద్ద యంత్రం 1604. పాత 1103కి కంపెనీ వీధి నెంబరు 501 కలిపి ఆ పేరు పెట్టారని ఒక కథ ఉంది. నిజమో కాదో గాని కూడిక మాత్రం సరిపోతుంది! ట్యూబులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాయి. డబ్బు చాలని రోజుల్లో, కొలతకు సరిగా నిలవవని పక్కన పెట్టిన చౌక ట్రాన్సిస్టర్లు కొనుక్కొచ్చి, వాటి తప్పులను తట్టుకునేలా సర్క్యూట్లు గీశాడట. 1960లో ఆ యంత్రం అమెరికా నౌకాదళం వారి పాఠశాలకు చేరింది. ఆ వంశంలోదే అయిన 3600 యంత్రం 1964లో మన బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. అంటే, ఆయన పేరు వినకముందే ఆయన గీతల నీడ మన దేశం మీద పడింది.

కంపెనీ పెరిగింది. పెరిగినకొద్దీ మీటింగులు, నివేదికలు, వచ్చేపోయే వాళ్ళు. క్రే మితభాషి. సభలన్నా, ప్రణాళికా పత్రాలన్నా ఆయనకు ఒళ్ళుమంట. 1962లో నోరిస్‌ని ఒప్పించి తన ప్రయోగశాలను సొంత ఊరు చిప్పెవా ఫాల్స్‌కు మార్పించుకున్నాడు. మనవాళ్ళు ఉద్యోగం కోసం ఊరు విడుస్తారు. ఆయన ఉద్యోగాన్నే ఊరికి తెచ్చుకున్నాడు. అక్కడ పట్టుమని నలభైమంది లేని బృందంతో, జేమ్స్ థార్న్‌టన్ తోడుగా, 1964లో సి.డి.సి. 6600 యంత్రాన్ని పూర్తి చేశాడు. సెకనుకు ముప్పై లక్షల లెక్కల దాకా చేయగల యంత్రం. అప్పటికి ప్రపంచంలో దానిని మించింది లేదు. సూపర్ కంప్యూటర్ల చరిత్రను చాలామంది అక్కడినుంచే లెక్కపెడతారు.

ఈ 6600 లోపల సంగతే నన్ను మొదట పట్టుకున్నది. పెళ్ళి వంటశాల ఊహించుకోండి. పెద్దవంటవాడు పొయ్యి దగ్గరనుంచి కదలకూడదు. కట్టెలు తేవడం, నీళ్ళు మొయ్యడం, వచ్చినవాళ్ళకు జవాబు చెప్పడం అతని పని కాదు. అలాగే 6600లో లెక్కలు చేసే ప్రధాన యంత్రానికి చుట్టూ పది చిన్న కంప్యూటర్లు పెట్టాడు క్రే. ఒక్కొక్క దానికి 4096 మాటల సొంత జ్ఞాపకం. కంప్యూటర్ వాళ్ళు వర్డ్ అనే దాన్నే నేను మాట అంటున్నాను. టేపులు చదవడం, కార్డులు లాగడం, అచ్చు వెయ్యడం ఈ పది చిన్నవాటి పని. ఆపరేటింగ్ సిస్టం కూడా ముఖ్యంగా వీటిలోనే కాపురం ఉండేది. ఒకటి మేస్త్రీలాగా అందరినీ కనిపెట్టి ఉండేది. ఒకటి ఆపరేటర్ ఎదుటి తెరను చూసుకునేది. పెద్దయంత్రం తల ఎత్తకుండా లెక్క చేసుకునేది. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ పదింటికీ కలిపి లెక్క చేసే చేతుల జత ఒక్కటే. వంతులవారీగా ఒక్కొక్కటీ వచ్చి వాడుకుని పక్కకు తప్పుకునేది. వంతు ఎంతసేపటిదంటే సెకనులో కోటో వంతు. పదిమంది ఒకే బావి దగ్గర చేద మార్చుకున్నట్టు. అక్కడ తగాదా పడే వ్యవధే లేదు.

మరి పెద్దయంత్రం మీద ఒక ప్రోగ్రాము ఆపి ఇంకో ప్రోగ్రాము ఎక్కించడం ఎలా? దీనికి ఆయన చేసిన ఏర్పాటు ఎంత పొదుపైనదో చూడండి. ఒక ప్రోగ్రాము ఎక్కడిదాకా వచ్చింది, దాని రిజిస్టర్లలో ఏమున్నాయి, జ్ఞాపకంలో దాని జాగా ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడుగు ఉంది – ఇదంతా పదహారు మాటల్లో ఇమిడిపోతుంది. ఒక్క ఆజ్ఞతో ఈ పదహారు మాటలు బయటికి, ఇంకో ప్రోగ్రాము పదహారు మాటలు లోపలికి. దీని పేరు ఎక్స్ఛేంజ్ జంప్. దిగిపోయిన ప్రోగ్రాముకు తాను దిగినట్టే తెలియదు. మళ్ళీ ఎక్కినప్పుడు వదిలినచోటునుంచే అందుకుంటుంది. ఎవరి జాగా వారిది. మొదలు, హద్దు గీసి ఉంటాయి. హద్దు దాటితే యంత్రమే ఆపేస్తుంది. ఇది చదివినప్పుడు నా గుండె కలుక్కుమంది. ఎందుకంటే ఆ గురువారం నా లెక్కకు దక్కనివి ఆ పదహారు మాటలే.

6600 వార్త విని ఐ.బి.ఎం. అధిపతి థామస్ వాట్సన్ జూనియర్ 1963 ఆగస్టులో తన కింది వాళ్ళకు ఒక ఘాటైన లేఖ రాశాడు. గదులు ఊడ్చేవాడితో కలిపి ముప్పై నలుగురున్న చోట ఇది జరిగితే, ఇంతమందిమి ఉండి మనమెందుకు వెనకబడ్డామని ఆ లేఖ సారాంశం. తన ప్రశ్నలోనే జవాబు ఉందన్న సంగతి పాపం ఆయనకు తోచలేదు.

1969లో 7600 వచ్చింది. ఆ తరువాతిది 8600. నాలుగు ప్రాసెసర్లు కలిపి చేయబోయిన ఆ యంత్రం ఎంతకీ నిలబడలేదు. ఏదో ఒక భాగం చెడిపోతూనే ఉండేది. మొదటినుంచీ మళ్ళీ గీస్తానన్నాడు క్రే. కంపెనీ దగ్గర డబ్బు లేదు. 1972లో స్నేహంగానే బయటికొచ్చి క్రే రీసెర్చ్ అనే సొంత సంస్థ పెట్టుకున్నాడు. పోగొట్టుకున్న లెక్కను మొదటినుంచీ మళ్ళీ మొదలెట్టగలవాడే ఆయన. ఆ గుణం చివరిదాకా పోలేదు.

1976లో క్రే-1 వచ్చింది. దాని బొమ్మ మీరు ఎక్కడో చూసే ఉంటారు. ఇంగ్లీషు సి అక్షరంలా వంపు తిరిగిన స్తంభం, కింద చుట్టూ మెత్తటి సోఫాలాంటి అరుగు. అందం కోసం చేసింది కాదది. విద్యుత్తు తీగలో పోవడానికి కూడా వేళ పడుతుంది. అందుకని తీగలు నాలుగడుగులు మించకుండా ఉండాలని యంత్రాన్ని గుండ్రంగా చుట్టేశాడు. అరుగు కింద ఉన్నవి పవర్ సప్లైలు. వేడి తియ్యడానికి ఫ్రియాన్. బరువు అయిదు టన్నుల పైమాట. సెకనుకు ఎనిమిది కోట్ల అడుగులు వేసే గడియారం, 64 బిట్ల మాటలు పది లక్షలకు పైగా పట్టే జ్ఞాపకం, సెకనుకు 16 కోట్ల లెక్కల దాకా వేగం. దీని కిటుకు వెక్టార్ లెక్క. పంక్తిభోజనంలో సాంబారు వడ్డించేవాడు ప్రతి విస్తరి దగ్గరా ఆగి, బాబూ సాంబారు వెయ్యనా అని అడిగితే పంక్తి ఎప్పటికి తెమిలేను? ఒకసారి చెప్పించుకుని వరసంతా పోసుకుంటూ పోవాలి. అలాగే 64 అంకెల వరస ఒకటి తీసుకుని, ఒక్క ఆజ్ఞతో వరసంతా లెక్క చేసేస్తుంది ఆ యంత్రం.

ఇంత చేసి ఆయన చెయ్యనిది ఒకటుంది. ఆపరేటింగ్ సిస్టం. మొదటి క్రే-1 లాస్ అలమోస్ ప్రయోగశాలకు ఆరు నెలల పరీక్షకు వెళ్ళినప్పుడు దానితో చెప్పుకోదగ్గ సాఫ్ట్‌వేర్ లేదు. ఇల్లు కట్టి ఇచ్చి, వంట మీరు చేసుకోండి అన్నట్టు. లాస్ అలమోస్‌లో, లివర్‌మోర్‌లో చేయితిరిగిన ప్రోగ్రామర్లు ఉన్నారు కాబట్టి సరిపోయింది. వాళ్ళు తమ సొంత వ్యవస్థలు రాసుకున్నారు. లివర్‌మోర్ వారి సి.టి.ఎస్.ఎస్. అలాంటిదే. కొలరాడోలోని వాతావరణ పరిశోధన కేంద్రం, ఎన్‌కార్, యంత్రం కొనబోతూ, మాకు సాఫ్ట్‌వేర్ లేకుండా కుదరదని కూర్చుంది. 1977లో వాళ్ళకు యంత్రం వెళ్ళింది. 1978కల్లా క్రే రీసెర్చ్ వారు కాస్ అనే ఆపరేటింగ్ సిస్టం, ఫోర్ట్రాన్ కంపైలరు తయారుచేసి అందరికీ ఇచ్చారు. కాస్ ముఖ్యంగా బ్యాచ్ పద్ధతిది. పని ఇచ్చి వెళ్ళిపోవాలి, అది అయ్యాక వచ్చి ఫలితం పట్టుకెళ్ళాలి. ఆ విధంగా ఒకే రకం యంత్రం మీద రెండు మూడు రకాల వ్యవస్థలు, ఊరికొకటిగా, మొదటినుంచీ ఉన్నాయి. ఒకే గదిలో, ఒకే యంత్రం మీద రెండు కలిసి ఉండే రోజు తరువాత వచ్చింది.

అది వచ్చిన వైనం ఇది. 1980ల మొదట్లో క్రే కంపెనీ పెత్తనం వదిలేసి ఒక కాంట్రాక్టరులా క్రే-2 గీయడానికి కూర్చున్నాడు. యంత్రాన్నంతా ఒక చల్లటి ద్రవంలో ముంచేసి, నాలుగు ప్రాసెసర్లతో చేసిన ఆ క్రే-2 1985లో బయటికొచ్చింది. దాని ఆజ్ఞలు క్రే-1 ఆజ్ఞలతో కలవవు. కాస్ దానిమీద నడవదు. మళ్ళీ మొదటినుంచీ ఇంకో వ్యవస్థ రాయడం కంటే, ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మార్చడానికి వీలైన యూనిక్స్‌ను తెచ్చుకోవడం మేలని కంపెనీ నిశ్చయించింది. దానినే సవరించి యూనికాస్ అన్నారు. ఇంకోపక్క స్టీవ్ చెన్ క్రే-1ని పెంచి 1982లో ఎక్స్-ఎం.పి. చేశాడు. అది కాస్ మీద నడుస్తోంది. కొన్నవాళ్ళ లెక్కలన్నీ కాస్ కోసం రాసినవి. కొత్తగా వచ్చే కుర్రకారు యూనిక్స్ కావాలంటున్నారు. యంత్రం ఖరీదు చూస్తే కోట్లు. రెండోది కొనే వాళ్ళెవరు? మా ఇరవైనాలుగు యంత్రాల తగాదా అచ్చంగా ఇదే.

వాళ్ళు దీన్ని వారానికి మూడు రోజులు నీకు, నాలుగు రోజులు నాకు అని తీర్చలేదు. అతిథి వ్యవస్థ అనే ఏర్పాటు చేశారు. కాస్ ఇంటి యజమాని. యూనికాస్ అతిథి. జ్ఞాపకంలో ఒక భాగానికి మొదలు, హద్దు గీసి అతిథికి ఇచ్చారు. యజమాని లెక్కలు ఒక గదిలో, అతిథి లెక్కలు ఇంకో గదిలో, యంత్రం ఆగకుండానే. ఈ ఏర్పాటు చేసింది క్రే కాదు. ఆయన అప్పటికి తన గదిలో తన గీతల్లో ఉన్నాడు. కాని హద్దు గీసి జాగా ఇవ్వడం, పదహారు మాటలు దించి పదహారు మాటలు ఎక్కించడం అనే 6600 నాటి పద్ధతి క్రే-1లోకీ, అక్కడినుంచి ఎక్స్-ఎం.పి.లోకీ దిగివచ్చింది. వెక్టార్ రిజిస్టర్ల వరసలు మాత్రం ఆ పదహారింట్లో పట్టవు. వాటిని విడిగా దాచే బాధ్యత ఆపరేటింగ్ సిస్టందే. పునాది ఆయనది, పైన గది కట్టింది వేరేవాళ్ళు. కొన్నేళ్ళలో లెక్కలన్నీ నెమ్మదిగా యూనికాస్ వైపు జరిగాయి. అతిథే యజమాని అయ్యాడు. ఎవరి మూడు రోజుల పనీ తగలెయ్యకుండా కాలం మారింది.

ఆయన ఇంటి సంగతులు కూడా కథలుగా చెప్పుకుంటారు. వేసవికి చేత్తో చేసుకున్న పడవను ఏటి చివర కాల్చేసి, మరుసటేడు ఇంకా మంచిది చేసుకునేవాడని ఒకటి. ఇంటికింద సొరంగం తవ్వుతూ లెక్కల చిక్కుముళ్ళు విప్పుకునేవాడని ఇంకొకటి. వేల కొద్దీ చిన్న ప్రాసెసర్లు కలిపి చేసే యంత్రాలను ఆయన చాలాకాలం నమ్మలేదు. పొలం దున్నడానికి రెండు బలమైన ఎద్దులు మేలుగాని వెయ్యి కోడిపిల్లలెందుకన్న ధోరణి ఆయనది.

మన దేశానికీ ఈ కథతో ముడి ఉంది. రుతుపవనాలు ముందుగా పసిగట్టడానికి భారతదేశం రెండు ప్రాసెసర్ల ఎక్స్-ఎం.పి. అడిగితే అమెరికా ఒక ప్రాసెసర్ ఉన్న ఎక్స్-ఎం.పి./14కే అనుమతి ఇచ్చింది. అదీ సవాలక్ష షరతుల మీద. 1989లో అది ఢిల్లీలో పనిలోకి దిగింది. తుఫాను అంటే ఏమిటో మన కోస్తావాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అడిగినది దక్కలేదన్న పట్టుదలతో 1988లో సి-డాక్ పుట్టింది. 1991లో పరమ్ 8000 వచ్చింది. దానిని చేసింది క్రే పద్ధతిలో కాదు. ఆయన వద్దన్న కోడిపిల్లల పద్ధతిలో! చిన్న ప్రాసెసర్లు అనేకం కలిపి కట్టిన యంత్రమది.

చివరి అధ్యాయం కొంచెం బాధగా ఉంటుంది. సిలికాన్ బదులు గాలియం ఆర్సెనైడ్ చిప్పులతో క్రే-3 చేస్తానని పట్టుబట్టాడు. కంపెనీ రెండు యంత్రాలకు డబ్బు పెట్టలేక 1989లో ఆయనను వేరుకాపురం పెట్టించింది. కొలరాడో స్ప్రింగ్స్‌లో క్రే కంప్యూటర్ కార్పొరేషన్ వెలిసింది. 1993లో ఒకే ఒక క్రే-3 బయటికి వెళ్ళింది. అదీ అమ్మకం కాదు, ఆ పాత స్నేహితులు ఎన్‌కార్ వారి దగ్గర పరీక్షకు పెట్టినది. ఈలోగా ప్రచ్ఛన్నయుద్ధం ముగిసి, కొనే ప్రయోగశాలల దగ్గర డబ్బు తగ్గింది. చిన్న చిప్పులు చవకై బలపడ్డాయి. 1995 మార్చిలో ఆ కంపెనీ దివాలా తీసింది. అరవై తొమ్మిదేళ్ళ వయసు. ఎవరైనా అయితే అరుగు మీద కూర్చుని కంప్యూటర్ రంగాన్ని తిడుతూ గడిపేస్తారు. ఆయన 1996లో ఇంకో కొత్త సంస్థ పెట్టాడు. ఈసారి, ఇన్నాళ్ళూ నమ్మని మార్గానికే, అనేక ప్రాసెసర్లు కలిపే మార్గానికే వచ్చాడు. అహంకారం అడ్డురాలేదు. నెల రెండు నెలలకే, సెప్టెంబరు 22న కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర హైవే మీద కారు ప్రమాదం జరిగింది. 1996 అక్టోబరు 5న కన్నుమూశాడు. డెబ్భై ఒకటో ఏట ఒక కొత్త లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన మనిషి. ఆయన పదహారు మాటలు ఎవరూ దాచిపెట్టలేకపోయారు.

దాచలేదని ఎలా అనగలం? ఆయన పోయాక, ఆయన పేరు మోసే కంపెనీ 2004లో ఎక్స్‌టి3 అనే యంత్రం తెచ్చింది. లెక్క చేసే నోడ్లలో క్యాటమౌంట్ అనే బహు తేలికైన వ్యవస్థ, రాకపోకలు చూసే నోడ్లలో లైనక్స్. ఒక్క యంత్రం, రెండు వ్యవస్థలు. పెద్దవంటవాడు పొయ్యి దగ్గర, కుర్రాళ్ళు చుట్టూ. నలభై ఏళ్ళ తరువాత 6600 మళ్ళీ కనిపించింది. 2008లో ఇల్లినాయ్‌లోని ఎన్.సి.ఎస్.ఎ. వారి ఏబ్ అనే క్లస్టర్, మామూలుగా లైనక్స్ మీద నడిచేది, విండోస్ మీద కూడా పరీక్షకు నిలిచి ప్రపంచ జాబితాలో 23వ స్థానం సంపాదించింది. 2017 నవంబరు జాబితా నాటికి మాత్రం ఆ 500 యంత్రాల్లోనూ లైనక్సే. ఈ లెక్క చూపించి నేను గెలిచానని ఇంజనీరింగ్ మిత్రుడితో అనవచ్చు. అనలేదు. అతని ప్యాకేజీ అతనికి అన్నం. జాబితా చూపిస్తే ఆకలి తీరదు.

చదవడం అయ్యాక నేనే అతని గదికి వెళ్ళాను. బావా, ఒక కథ చెబుతాను వింటావా అన్నాను. విన్నాడు. తరువాత ఇద్దరం కలిసి మాస్టారి దగ్గరికి వెళ్ళి ఒక కాగితం పెట్టాం. అన్ని యంత్రాలూ ఒకేసారి ఆపి లేపే పద్ధతి ఎత్తెయ్యాలి. పదహారు నోడ్లు లైనక్స్‌కు, నాలుగు విండోస్‌కు హద్దు గీసి ఇవ్వాలి. మిగతా నాలుగూ ఎవరికి పని ఎక్కువుంటే వారివైపు మారాలి, అదీ ఆ నోడు మీద పని అయిపోయి ఖాళీ అయ్యాకే. పెద్ద లెక్క ఏదైనా గంటకోసారి తన స్థితిని డిస్కులో దాచుకుని తీరాలి. ఈ చివరి షరతు నిజానికి నేను మొదటినుంచీ పాటించవలసింది. చెక్‌పాయింట్ పెట్టుకోకుండా మూడు రోజుల లెక్క నడిపిన తప్పు నాదే. గడియారాన్నీ, పక్క విభాగాన్నీ తిట్టాను గాని ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు. కొత్త ఏర్పాటు మొదలై అయిదు నెలలయింది. ఇప్పటిదాకా ఎవరి లెక్కా మధ్యలో చావలేదు.

మనలో చాలామంది ఈ వేసవితో కాలేజీ విడిచి వెళతాం. కొందరి పని సగంలో ఉంది. కొందరి స్నేహాలు సగంలో ఆగాయి. వెళ్ళేముందు ఎవరి పదహారు మాటలు వాళ్ళు జాగ్రత్తగా రాసి పెట్టుకుంటే, వచ్చేవాళ్ళు వదిలినచోటునుంచి అందుకుంటారు. సేమూర్ క్రే జీవితంలో నాకు దొరికిన పాఠం ఇంతే.